మా నాయన పేరున ఎత్తిన గ్లాసులు

నేను జర్మన్ భాష నేర్చుకున్నది మార్కాపురంలో, ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సుల గదిలో. డ్యూటీ మధ్యలో కాస్త తీరిక దొరికితే సెలైన్ సీసాల అట్టపెట్టె మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్లో కనిపించే టీచరు వెంట గొణుక్కునేదాన్ని. మా వార్డు ఆయమ్మ గుమ్మంలో నిలబడి, “ఏంది సిస్టర్, మంత్రాలు చదవతన్నావా?” అని నవ్వేది. నాకూ అవి మంత్రాల్లాగే ఉండేవి. వాటిని తప్పు లేకుండా పలికితే ఒక తలుపు తెరుచుకుంటుందని, దాని అవతల శుభ్రమైన వార్డులు, మంచి ఉద్యోగం, మా అమ్మకి కాస్త నెమ్మది ఉంటాయని నమ్మాను.

జర్మనీలో నర్సులు చాలడం లేదని, ముందు అక్కడికి పోయి కొన్ని నెలలు భాష చదివి పరీక్ష పాసైతే ఆసుపత్రిలో చేర్చుకుంటారని ఒంగోలులో ఒక ఏజెన్సీ వాళ్లు చెప్పారు. పోవాలా వద్దా అని చాలాకాలం ఊగిసలాడాను. దానికి కారణం మా నాయన.

నాయన గిద్దలూరులో బేల్దారి. గోడలు కట్టడం, పూత పూయడం ఆయన పని. పగలంతా పని, పొద్దు గూకితే బ్రాందీషాపు. ఆ షాపు దగ్గర కూర్చోవడానికి బల్లలు ఉండవు. పక్కసందులో గోడకి ఆనుకుని నిలబడి, క్వార్టర్ సీసాలో నీళ్ల ప్యాకెట్ పిండుకుని, చేదు మందు మింగినట్టు గటగటా మింగి మూతి తుడుచుకుంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చిన్నప్పుడు నాయన్ని పిల్చుకురమ్మని అమ్మ నన్నే పంపేది. నన్ను ఆయన ఎప్పుడూ కొట్టలేదు కాబట్టి. నా భుజం మీద చెయ్యి వేసి ఇంటిదాకా బుద్ధిగా నడిచి వచ్చేవాడు. గడప దాటాక మాత్రం అమ్మ వంతు మొదలయ్యేది.

నర్సింగ్ కాలేజీలో మేము దీపాలు పట్టుకుని ప్రమాణం చేసిన రోజున అందరి తల్లిదండ్రులూ వచ్చారు. మా అమ్మ ఒక్కతే వచ్చింది. “మీ నాయనకి జొరంగా ఉండాది” అంది. ఆమె మోచేతి మీద కమిలిన మచ్చ చూశాక నేనింకేం అడగలేదు.

ప్రయాణానికి ముందు ఏడాది నాయన నెత్తురు కక్కుకున్నాడు. నేను పని చేసే ఆసుపత్రికే తెచ్చుకున్నాం. నా తోటి నర్సులు ఆయనకి సూదులు వేస్తుంటే నేను కాళ్ల దగ్గర నిలబడ్డాను. డిశ్చార్జి రోజున డాక్టరుగారు ఆయన మొహం మీదే చెప్పారు. “ఇంకోసారి ముట్టుకుంటే నేను చేయగలిగింది ఏమీ ఉండదు పెద్దాయనా.” నాయన తలూపాడు. ఇంటికి వచ్చాక నిజంగానే మానేశాడు. మొదట్లో చేతులు వణికి అన్నం ముద్ద జారిపోయేది. తర్వాత తర్వాత సర్దుకున్నాడు. సాయంత్రం పూట గడపలో కూర్చుని స్టీలు గ్లాసులో మజ్జిగ తాగేవాడు. అమ్మ ఇంట్లో ఏవో కూనిరాగాలు తీయడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఆ ధైర్యంతోనే వీసాకి పెట్టుకున్నాను.

బెంగుళూరు పోయే రైలు ఎక్కించడానికి ఇద్దరూ గిద్దలూరు స్టేషనుకి వచ్చారు. అమ్మ ఊరగాయ సీసాని బట్టలో చుట్టి, ఆ బట్టని ఇంకో కవరులో చుట్టి ఇచ్చింది. నాయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. రైలు కదిలే ముందు కిటికీ ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుని, “అక్కడ ఎవురన్నా పోసిచ్చినా తాగబాకు పాపా” అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రైలు దిగువమెట్ట దాటి నల్లమల సొరంగాల్లోకి పోయినప్పుడు ఫోన్లో సిగ్నల్ పోయింది. ఆ చీకట్లో నేను జర్మన్లో ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

నేను దిగింది దక్షిణ జర్మనీలో ఒక చిన్న ఊరు. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో చర్చి. ఒక ముసలావిడ ఇంట్లో మేడమీది గది నాకు అద్దెకి ఇప్పించారు. ఆవిడ భర్త పోయాడు, పిల్లలు వేరే ఊళ్లలో ఉన్నారు. తలుపు తీసి, రెండు చేతులూ చాపి, ఏదో అంది. నేను చిన్నగా నవ్వి నిలబడ్డాను. మళ్లీ అంది. ఒక్క మాట కూడా అర్థం కాలేదు. నమస్కారానికి నేను నేర్చుకున్న ‘గూటెన్ టాగ్’ అక్కడ ఎవరూ అనరు. ‘గ్రూస్ గాట్’ అంటారు. అది కూడా నాకు అర్థమైంది మూడోనాడు. వాళ్లు మాట్లాడేది జర్మనే గాని, నా ఫోన్లో టీచరు మాట్లాడిన జర్మన్ కాదు. మాటల చివరలు మింగేస్తారు, మధ్యలో సాగదీస్తారు. ముసలావిడ తప్పు లేదు. పాపం, నాకోసం గట్టిగా మాట్లాడేది. గట్టిగా మాట్లాడితే అర్థం కానిది ఇంకా గట్టిగా అర్థం కాకుండా పోయేది.

మొదటి రోజుల్లో నేను చేసిన పనులన్నీ తప్పులే. రొట్టెల దుకాణంలో ఒక్కటి ఇమ్మని వేలు చూపించాను. ఆ అమ్మాయి ఏదో అడిగింది. ‘యా’ అన్నాను. ఇంకేదో అడిగింది. దానికీ ‘యా’ అన్నాను. సంచి నిండా రొట్టెలు పెట్టి చేతికిచ్చింది. వద్దని చెప్పే మాటలు నోట్లో ఉన్నాయి, వరసలో నా వెనక జనం ఉన్నారు. తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ వారమంతా గట్టిపడిన రొట్టెల్ని ఊరగాయ నూనెలో అద్దుకుని తిన్నాను. ఒకరోజు క్లాసు నుంచి వస్తూ బస్సులో నా స్టాపు దాటిపోయింది. దిగాలంటే ముందే మీట నొక్కాలని నాకు తెలియదు. డ్రైవరు ఆపలేదు. ఎక్కడో చేల మధ్య దిగి, వానలో వెనక్కి నడిచాను. మార్కాపురంలో నరం దొరకని పసిపిల్లలకి సూది ఎక్కించాలంటే డాక్టరుగారు నా కోసం కబురు పెట్టేవారు. అలాంటి నేను ఇక్కడ ఒక బస్సుని ఆపలేకపోయాను. దారిలో అదే తల్చుకుని ఏడ్చాను.

క్లాసు పక్క ఊళ్లో ఉండేది. ఏవేవో దేశాల వాళ్లం ఒక గదిలో కూర్చుని ‘మీ వారాంతం ఎలా గడిచింది’ అని ఒకరినొకరు అడుక్కునేవాళ్లం. నా వారాంతం గురించి చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు, గడిచిన వారాంతమూ లేదు. ఆదివారం ఊరంతా మూసేసి ఉంటుంది. రోడ్డు మీద కుక్క కూడా మొరగదు. నా చెవులకి ఏదో జబ్బు చేసిందనిపించేది. రోజంతా ఒక్క మనిషి మాట లోపలికి పోకుండా ఉండడమంటే ఏమిటో నాకు అంతకు ముందు తెలియదు. గిద్దలూరులో మా సందులో పొద్దున లేస్తే కుళాయి దగ్గర తగువులు, ఆటోల హారన్లు, పక్కింటి టీవీ. అవన్నీ వినపడక తలనొప్పి వచ్చేది.

అమ్మ రోజూ ఒకే వేళకి వీడియో కాల్ చేసేది. నాకు మధ్యాహ్నం, వాళ్లకి పొద్దు గూకే వేళ.

“తిన్నావా?”

“తిన్నా.”

“ఏం తిన్నావు?”

“అన్నమే.”

అది అబద్ధం. మొదటిసారి తాలింపు పెట్టినప్పుడు ముసలావిడ దగ్గుకుంటూ ఇంటి కిటికీలన్నీ తెరిచింది. ఆ తర్వాత నాకు పొయ్యి ముట్టించాలంటే సిగ్గు వేసింది. అమ్మ పక్కనే నాయన మొహం సగం కనిపించేది. “బాగుండావా పాపా” అనేవాడు. “బాగుండా నాయనా.” అంతకు మించి మాకు మాటలు ఉండేవి కావు. ఆయన కళ్లు తేటగా ఉన్నాయా లేదా అని నేను ఫోను దగ్గరికి పెట్టుకుని చూసేదాన్ని. తేటగానే ఉండేవి. ఫోను పెట్టేశాక స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. వెనక్కి పోదామని ప్రతిరోజూ అనుకున్నాను.

రెండో వారంలో ఊరి బయట మైదానంలో పెద్ద తెల్లటి గుడారం లేచింది. లారీల్లో బల్లలు దించారు. మన తిరునాళ్లకి వచ్చినట్టే రంగులరాట్నాలు వచ్చాయి. మన వైపు రథం ముందు నడిచే ఎద్దుల్లాగా అలంకరించిన గుర్రాలు పీపాలు కట్టిన బండిని లాక్కుంటూ పోయాయి. ముసలావిడ బీరువాలోంచి ఎప్పటిదో పాత పరికిణీ లాంటి గౌను, దాని మీద కట్టుకునే పట్టు ముందుగుడ్డ తీసింది. నన్ను పిలిచి, చేతులతో, మొహంతో, మాటలతో చెప్పింది. నాకు అర్థమైన మాటలు రెండే. ఒకటి బీరు, ఇంకొకటి పండగ.

నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. అన్ని రోజుల్లో నన్ను ఒక మనిషి తాకడం అదే మొదలు. అందుకే వెళ్లాను.

గుడారం లోపలికి అడుగు పెట్టగానే వచ్చిన వాసనకి నా కాళ్లు ఆగిపోయాయి. ఆ వాసన నాకు తెలుసు. బ్రాందీ కాకపోయినా, అది మా నాయన చొక్కా వాసనే. చిన్నప్పుడు నా భుజం మీద పడిన చేతి వాసన. తర్వాత జరగబోయేది ఒంటికి గుర్తుంది. కానీ అక్కడ తర్వాత ఏమీ జరగలేదు. ఊరు ఊరంతా బల్లల ముందు కూర్చుని ఉంది. నడుం వంగిన ముసలమ్మలు, చంకలో పిల్లల్ని పెట్టుకున్న తల్లులు, రొట్టెల దుకాణం అమ్మాయి, నన్ను దించకుండా పోయిన బస్సు డ్రైవరు. ఒక్కొక్కరి ముందూ చెంబంత గాజు గ్లాసు, నురగ. మధ్యలో వేదిక మీద బాకాలు, డోలు. తాతలు మనవరాళ్లతో కలిసి బెంచీలెక్కి పాడుతున్నారు. ఎవరూ గోడకి ఆనుకుని లేరు. ఎవరూ మొహం దాచుకోవడం లేదు.

నేను చూస్తూ కూర్చున్నాను. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇదే పదార్థం గదా అనిపించింది. మా ఇంట్లో అమ్మ పళ్లు ఊడగొట్టింది, నన్ను స్నేహితుల ఇళ్లకి పోనివ్వంది, ఎవరి పెళ్లికీ మమ్మల్ని పిలవకుండా చేసింది, ఇదే గదా.

ముసలావిడ పక్కింటాయన, ఎర్రటి మొహం, తెల్లటి మీసాలు, మా ఎదురుగా కూర్చున్నాడు. నా ముందు ఆపిల్ రసం గ్లాసు చూసి ఆశ్చర్యపోయాడు. ఎందుకు తాగవని, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి అడిగాడు. మతమా అన్నాడు. కాదన్నాను. జబ్బా అన్నాడు. కాదన్నాను. ఆయన నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాడు. అంత ఓపికగా నా మొహంలోకి చూసి, నా జవాబు కోసం కాచుకున్న మనిషి అక్కడ అంతవరకూ ఎవరూ లేరు. అందుకని మనసులో వాక్యం కూర్చుకున్నాను. క్రియ ఎక్కడ పెట్టాలో చూసుకున్నాను. మా నాన్న చాలా తాగాడు, అందువల్ల నేను తాగను. తప్పు లేకుండా కుదిరింది. గొంతు పెంచి మొదటి సగం చెప్పాను.

“మా నాన్న చాలా తాగాడు.”

అప్పుడే బాజాలు మొదలయ్యాయి. నా రెండో సగం డోలు చప్పుడులో పోయింది. ఆయన మొహం వెలిగిపోయింది. బల్ల మీద అరచేత్తో కొట్టాడు. అటు తిరిగి, ఇటు తిరిగి, బల్ల పొడవునా అందరికీ అరిచి చెప్పాడు. ఈ అమ్మాయి నాన్న కూడా తాగుతాడట. ఇండియాలో! మంచి మనిషి! జనం నవ్వారు. ఆయన లేచి నిలబడ్డాడు. పక్కవాళ్లు లేచారు. ముసలావిడ లేచింది. బల్ల మొత్తం లేచి గ్లాసులు పైకెత్తింది.

“ఈ పిల్ల తండ్రికి! ప్రోస్ట్!”

ఒకరి పేరు చెప్పి తాగేటప్పుడు వాళ్లనే మాట అది. గ్లాసులు గణగణలాడాయి. నేను కూర్చునే ఉన్నాను. కాదు, అలా కాదు అనాలి. ఆయన చావబోయి బతికాడు అనాలి. మా నాయన పేరు చెప్పి ఒక్క మనిషి లేచి నిలబడ్డం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

సరిగ్గా ఆ వేళకే అమ్మ ఫోను వచ్చింది. ఫోను బల్ల మీద ఉంది, తెర మీద అమ్మా నాయనా కలిసి దిగిన ఫోటో. ముసలావిడ చూసింది. “నాన్నా?” అంది, ఫోటో మీద వేలు పెట్టి. నేను చెయ్యి చాపేలోపే ఆవిడ ఫోను ఎత్తి, పచ్చ గుర్తు నొక్కి, బల్ల వైపు తిప్పింది.

తెర మీద మా గడప. నాయన ఒక్కడే ఉన్నాడు, చేతిలో స్టీలు గ్లాసు. వెనక అమ్మ గొంతు వినపడుతోంది. బల్ల మొత్తం మళ్లీ ఒక్కసారిగా అరిచింది. నాయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. తర్వాత మొహం తెర దగ్గరికి తెచ్చాడు.

“ఏందమ్మా అది? పెండ్లా?”

నేను ఫోను లాక్కున్నాను. కానీ మొహాలన్నీ నా వెనకే ఉన్నాయి. “కాదు నాయనా. తిరునాళ్ల.”

“ఏం తిరునాళ్ల?”

“బీరు తిరునాళ్ల.”

నాయన తెరలోకి కళ్లు చిట్లించి చూస్తున్నాడు.

“అందురూ తాగతన్నారా?”

“ఊఁ.”

“ముసిలోళ్లు గూడానా? ఆడోళ్లు గూడానా?”

“ఊఁ, నాయనా.”

“ఎవురూ కొట్టుకోవటంలా?”

నేను వెనక్కి తిరిగి చూశాను. ఒక పసిపిల్ల తాత ఒళ్లో నిద్రపోతోంది. “లేదు నాయనా. ఎవురూ కొట్టుకోవటంలా.”

ఎర్రమొహం ఆయన నా భుజం మీదుగా వంగి, తన గ్లాసు ఫోను కెమెరాకి తాకించాడు. మా నాయన అది చూసి, ఏమనుకున్నాడో, తన స్టీలు గ్లాసు పైకెత్తి ఫోనుకి ఆనించాడు. బల్ల కేకలు వేసింది. నాయన నవ్వాడు. పళ్లు కనిపించేటట్టు, కళ్లలో నీళ్లు వచ్చేటట్టు నవ్వాడు. ఆ నవ్వు నేను అంతకు ముందు చూడలేదు. అమ్మ వచ్చి వెనక నిలబడింది. ఆమె నవ్వలేదు. “పెట్టేయ్ పాపా” అంది. ఫోను కట్టయింది.

ఆ రోజు తర్వాత ముసలావిడకీ నాకూ మధ్య ఏదో కలిసింది. పొద్దున్నే “నాన్న ఎలా ఉన్నారు?” అని అడిగేది. ఆ ఒక్క ప్రశ్న ఆవిడ యాసలో కూడా నాకు అర్థమయ్యేది. “బాగున్నారు” అనేదాన్ని.

బాగాలేడు. మొదట్లో నాకు తెలియలేదు. ఫోనులో అమ్మ ఒక్కతే కనిపించడం మొదలైంది. “మీ నాయన పనికి పోయినాడు.” “పొద్దు గూకినాక ఏం పనిమా?” “కంభంలో ఏదో ఇల్లు కడతన్నారంట, ఆడ్నే ఉండాడు.” నేను నర్సుని. అబద్ధం చెప్పే వాళ్ల గొంతు నాకు తెలుసు. పక్కింటి అత్తకి ఫోను చేశాను. ఆమె మాకు బంధువు కాదు, కానీ మా ఇంటి గోడకి అవతల ఎప్పటినుంచో ఉంది, అన్నీ విన్నది.

“ఏం జెప్పమంటావు పాపా. ఆ ఫోనులో చూసినకాడినుంచి అదే కత. నా కూతురి కాడ దొరలందురూ లేచి నిలబడి నా పేరున తాగినారు అని కనపడినోళ్లకల్లా జెప్తన్నాడు. బ్రాందీషాపు కాడ వాళ్లు మళ్లీ మళ్లీ జెప్పించుకుని నవ్వుకుంటన్నారు. జెప్పినప్పుడల్లా ఇంత పోసి తాపిస్తన్నారు. నీకు జెప్పొద్దని మీయమ్మ నా మీద ఒట్టేయించుకుంది.”

ఫోను పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయాను. కిటికీలోంచి కోసేసిన మొక్కజొన్న చేలు కనిపిస్తున్నాయి. నాయనకి ఫోను చేస్తే ఎత్తలేదు. అమ్మకి చేసి అరిచాను. “నువ్వు సదువుకో పాపా, ఇక్కడ సంగతి నేను జూసుకుంటా” అంది. ఏం చూసుకుంటుందో నాకు తెలుసు.

ఆ చలికాలం ఎలా గడిచిందో ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. మధ్యాహ్నానికే చీకటి పడేది. క్లాసులో టీచరు ‘అలా జరగకపోయి ఉంటే, ఇలా అయి ఉండేది’ అనే వాక్యాలు నేర్పింది. అందరూ తలా ఒకటి చెప్పాలి. రైలు తప్పకపోయి ఉంటే ముందే చేరి ఉండేవాణ్ణి అని ఒకరు చెప్పారు. నా వంతు వచ్చింది. అలాంటి వాక్యంలో వాళ్ల క్రియ కూడా మన తెలుగులో లాగే చివరికి పోతుంది, అందుకని నాకు అది సులువు. ‘ఆ రోజు ఫోను మోగకపోయి ఉంటే’ అని మొదలుపెట్టాను. రెండో సగం రాలేదు. “మొదటి సగం చాలా బాగుంది” అంది టీచరు. మిగతా సగం పూర్తి చేయమని కాచుకుంది. గదిలో అందరూ కాచుకున్నారు. నేను సంచి తీసుకుని బయటికి నడిచాను.

పరీక్షలో చదవడం, రాయడం గట్టెక్కాయి. మాట్లాడే పరీక్షలో తప్పాను. ఎదురుగా కూర్చున్న ఇద్దరు మంచిగానే అడిగారు. ఒక బొమ్మ చూపించి, ఈ కుటుంబం ఏం చేస్తోందో చెప్పమన్నారు. నేను ఆ బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నాను. పరీక్ష తప్పితే వీసా పొడిగించరు. ముసలావిడ బస్టాండు దాకా వచ్చి, నన్ను గట్టిగా కావలించుకుని, నాన్నకి తన మాటగా నమస్కారం చెప్పమంది. చెప్తానన్నాను. ఆవిడకి అసలు సంగతి చెప్పడానికి ఆ చివరి రోజున నా దగ్గర మాటలన్నీ ఉన్నాయి. అయినా చెప్పలేదు.

ఎండాకాలం మొదట్లో గిద్దలూరు చేరాను. స్టేషనుకి అమ్మ ఒక్కతే వచ్చింది. నాయన మార్కాపురంలో, నేను పని చేసిన ఆసుపత్రిలోనే, మూలమంచం మీద ఉన్నాడు. పొట్ట ఉబ్బి, కాళ్లు సన్నబడి, కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు. లేవబోయాడు. పక్కమంచం మీద పొదిలి నుంచి వచ్చిన ఒక రైతు ఉన్నాడు. నాయన ఆయన వైపు చెయ్యి చూపించాడు.

“పాపా, ఈయనకి జెప్పు. నమ్మటంలా. నా పేరున ఎంతమంది లేచినారో జెప్పు.”

ఆ రైతు ఇబ్బందిగా మొహం తిప్పుకున్నాడు. నాకు ఆ క్షణంలో నాయన మీద కోపం కట్టలు తెంచుకుంది. అరవాలనిపించింది. వాళ్లు నీకోసం లేవలేదు నాయనా, వాళ్లు నువ్వెవరో తెలియక లేచారు అనాలనిపించింది. కానీ ఆయన నా నోటి వైపే చూస్తున్నాడు.

“అందురూ లేచినారు, అన్నా” అని ఆ రైతుతో చెప్పాను. “బల్ల పొడుగునా. ఆడోళ్లు, ముసిలోళ్లు అందురూ. గ్లాసులు ఎత్తి మా నాయన్ని మెచ్చుకున్నారు.”

“ఇన్నావా?” అన్నాడు నాయన, ఆయన వైపు తిరిగి. తర్వాత కళ్లు మూసుకున్నాడు. పొట్టలో నీళ్లు తీసేటప్పుడు నేనే ఆయన్ని పట్టుకున్నాను. సూది గుచ్చేటప్పుడు మూలిగాడు. ఆ వారం దాటలేదు.

కర్మకాండలు అయిపోయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ వంటింట్లో కూర్చుని ఉన్నాం. ఎన్నాళ్లనుంచో లోపల దాచుకున్న మాట అడిగాను.

“అమ్మా, ఆ రోజు ఆ ఫోను రాకపోయుంటే నాయన బతికేవాడేమో.”

అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. చేతులు ఆపలేదు.

“నువ్వు రైలెక్కక ముందే తాగినాడు పాపా. వీసా వచ్చిన రోజు తాగినాడు. మళ్లీ నిన్ను ఎక్కించొచ్చినాక తాగినాడు. నీకు తెలిస్తే పోవని నేనే జెప్పలా.”

నేను ఆమె మొహం చూశాను. అది నన్ను ఓదార్చడానికి చెప్పిన మాటా, నిజమా అని వెతికాను. నర్సునని, అబద్ధం చెప్పే గొంతు తెలుసునని అనుకున్నదాన్ని, మా అమ్మ గొంతు పోల్చుకోలేకపోయాను. నిజమైతే, నేను చూసిన ఆ తేట కళ్లు, స్టేషనులో ఆ ఇస్త్రీ చొక్కా, నన్ను పంపించడానికి వాళ్లిద్దరూ కట్టిన గోడ. అబద్ధమైతే, ఈమె నాకోసం ఇంకా ఆ గోడ కడుతూనే ఉంది. రెంటిలో దేన్నీ నేను మోయలేననిపించింది. ఇంకోసారి అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

సందు మొదట్లో నీళ్ల ట్యాంకరు హారను కొట్టింది. మా వైపు ఎండాకాలం ఆ హారను వినపడితే ఎంత పనైనా వదిలేసి పరిగెత్తాలి. అమ్మ చేతులు దులుపుకుని బిందె అందుకుంది. నేను రెండు ప్లాస్టిక్ బకెట్లు తీసుకుని వెనకాలే పోయాను. ట్యాంకరు చుట్టూ అప్పటికే జనం మూగి ఉన్నారు. పైపు కోసం ఒకరినొకరు తోసుకుంటున్నారు. మా వెనకింటావిడ నన్ను చూసి, బిందె నడుం మీదికి సర్దుకుంటూ అడిగింది.

“జర్మనీ నించి వచ్చినావంట గదా పాపా. మళ్లీ ఎప్పుడు పోతావు?”

“పోను అత్తా.”

“అదేందే, అంత సదువు సదివి?”

నేనేదో చెప్పేలోపు పైపు మా వైపు వచ్చింది. అమ్మ “పట్టు, పట్టు” అని అరిచింది. బకెట్టు కింద పెట్టాను.